వరసలో ఇటుక

తెల్లారుజామున మూడున్నరకి
అమ్మ నా కాలి బొటనవేలు పట్టి లాగేది.
మా ఇంటి అలారం అదే.
చంకలో ఇటుకతో, కళ్ళల్లో సగం కలతో
మూడంతస్తుల మెట్లూ చీకట్లో లెక్కపెట్టుకుంటూ దిగేవాణ్ణి.
రెండో అంతస్తులో ఖాయ్ గారి స్నానాలగదిలోంచి పంది గురక.
అవును, స్నానాలగదిలోనే.
ఆ రోజుల్లో హనోయిలో పందులు కూడా మేడల మీదే పెరిగేవి,
మాకన్నా శుభ్రంగా,
పూటపూటా నీళ్ళు పోయించుకుని.

బియ్యం దుకాణం ముందు అప్పటికే వరస.
మనుషులది కాదు.
విరిగిన బుట్ట, తెగిన చెప్పు, రాయి, ఇంకో రాయి,
పిడి ఊడిన గిన్నె.
వాటి వెనకాల మా ఇటుకని నిలబెట్టి
బొగ్గుతో రాసిన పేరు కిటికీ వైపు తిప్పేవాణ్ణి:
త్వాన్.
మా నాన్న.

నాన్న ఉత్తరాన కొండల్లో, సరిహద్దు మీద.
ఆయన తిండి సైన్యం లెక్కలోది కనక
మా బియ్యం పుస్తకంలో ఆయన పేరు లేదు.
ఇంటి మొత్తానికి ఆ పేరున్న వస్తువు
ఆ ఇటుక ఒక్కటే.

కిటికీ తెరిచేది ఏడింటికి.
ఈలోగా వెనకొచ్చినవాళ్ళు కాలితో తోసేవాళ్ళు,
"త్వానూ, జరగవయ్యా ముందుకి!"
ఇటుక గీరుకుంటూ జరిగేది.
నేను ఇంటికెళ్ళి చెల్లి దుప్పట్లో దూరేవాణ్ణి.
నా బదులు ఇంకొకరు నిలబడి ఉన్నారన్న భరోసాతో పడుకున్న
ఆ రెండుగంటల నిద్ర
ఆ తరవాత ఏ పరుపు మీదా దొరకలేదు.

ఉత్తరం మార్చి నెలాఖరున వచ్చింది, సన్నటి తుంపర పడుతుంటే.
అమ్మ దాన్ని రెండుసార్లు చదివి
బియ్యం పుస్తకంలో పెట్టింది.
ఇంట్లో పోగొట్టుకోకూడనివన్నీ అందులోనే ఉండేవి.

మర్నాడు మూడున్నరకి మళ్ళీ నా బొటనవేలు లాగింది.
తుంపరకి ఇటుక మీద పేరు అలుక్కుపోయింది.
పొయ్యిలోంచి బొగ్గు తీసి
ఒక్కొక్క అక్షరం ఒత్తి ఒత్తి రాసింది.
ఎందుకమ్మా అని అడగలేదు నేను.
పదేళ్ళవాడికి కూడా తెలుస్తాయి కొన్ని.

కబురు నాకన్నా ముందే వరసకి చేరింది.
లాయ్ బామ్మ, వంగితే లేవలేని మనిషి,
వంగింది.
నిండు గిన్నె అందుకున్నట్టు రెండు చేతులా ఇటుకనెత్తి
ఒక అడుగు ముందు పెట్టింది.
ఏమీ అనలేదు.
ఆ రోజు నుంచీ ఎవరూ దాన్ని కాలితో జరపలేదు.
ఒకసారి ఎవడో కొత్తవాడు పక్కకి తన్నితే
ఆడవాళ్ళంతా ఒక్కటై మీద పడ్డారు:
"మనిషి వస్తాడు! చోటు అతనిదే!"

ఆ రోజులు బంగారమని నేననను.
బియ్యంలో ముక్క వాసన, నానబెడితే పైకి తేలే పురుగులు,
దవడలు పీకేదాకా నమిలినా నలగని జొన్నలు.
ఇప్పటికీ ఎవరైనా మొహం వేలాడేస్తే
"బియ్యం పుస్తకం పోయిందా?" అంటాం మా ఊళ్ళో.
నా కూతురు న్గాన్ కూడా అంటుంది,
ఆ పుస్తకం ఏ రంగో కూడా తెలియకుండా.
తను ఫోను మీద వేలాడిస్తే చాలు,
మోటారుసైకిలు కుర్రాడు బస్తా తెచ్చి గుమ్మంలో పెడతాడు.
మంచిదే.
దుకాణం ఉన్నచోట ఇప్పుడు కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు.

వరసలు పోయాక అమ్మ ఆ ఇటుకని
ఉప్పులో ఊరే తెల్లవంకాయల జాడీలో బరువుగా పెట్టింది.
ఇరవై ఏళ్ళు ఆ ఉప్పునీళ్ళలోనే ఉంది.
బొగ్గు ఎప్పుడు పోయిందో ఎవరం చూడలేదు.

ఇప్పుడది నా బాల్కనీలో, కుమ్‌క్వాట్ కుండీ కింద.
వానలు వెనకబట్టి ఎండ రాగానే
దాని ఒంటి మీద తెల్లగా ఉప్పు పూస్తుంది.
తడిగుడ్డతో తుడుస్తాను.
వారం తిరక్కుండా మళ్ళీ పూస్తుంది.
న్గాన్ సున్నం అనుకుంటుంది.